చరవస్తువు, నేపథ్యము: నాడీజాల పద్ధతిపై ఒక విమర్శ

కెమెరా పట్టిన దృశ్యమున కదలునదేది, నిలిచియుండునదేది యని వేరుచేయుట యంత్రమునకు సులభసాధ్యము కాదు. 1999లో స్టాఫర్, గ్రిమ్సన్ అను శాస్త్రజ్ఞులు ప్రతి పిక్సెలునకును కొన్ని గాసియన్ విభాజనముల మిశ్రమమును నిర్మించి, దానికి పొసగని వర్ణమును చరవస్తువుగా గ్రహింపజేసిరి. కొమ్మల యూగులాటవంటి మార్పులను ఈ పద్ధతి చాలవఱకు సహించెను గాని, నీడను వస్తువుగా భ్రమించుట మానలేదు. పిమ్మట 2016లో బ్రహామ్, వాన్ డ్రూగెన్‌బ్రూక్ గార్లును, 2018లో ఎఫ్‌జీసెగ్‌నెట్ కర్తలైన లిమ్, కెలెస్ గార్లును న్యూరల్ నెట్‌వర్కులనబడు నాడీజాలములను ఈ పనికి నియోగించిరి.

11 తరగతులు, 53 వీడియోలు గల సీడీనెట్ 2014 అను పరీక్షాసంపుటిలో ఈ జాలములు పొందిన మార్కులు మిక్కిలి గొప్పవి. ఆ గొప్పతనమునే నేనిచట శంకించుచున్నాను. ఏలయన, ఏ వీడియోపై పరీక్ష జరిగెనో ఆ వీడియోనుండియే కొన్ని చిత్రములను, మనుష్యులు గుర్తించిన జవాబులతోసహా, జాలమునకు ముందుగా నేర్పిరి. విద్యార్థికి ప్రశ్నపత్రములోని కొన్ని ప్రశ్నలు ముందే చూపి ప్రథమశ్రేణి యిచ్చినట్లున్నది! రచయితలు ఈ సంగతిని దాచలేదు. పట్టికను మాత్రము చదివినవారే భ్రమపడిరి.

బెంగుళూరు నగర్తపేటను తలచుకొనుడు. ఇరుకు సందులోనికి తోపుడుబండి వచ్చును; సరుకు దించుటకై అరగంట నిలుచును; మరల కదలును. నిలిచినంతసేపు అది చరవస్తువా, నేపథ్యమా? పాతపద్ధతి దానిని మెల్లగా నేపథ్యములో కలిపివేయును. బండి వెడలిన పిమ్మట అది విడిచిన ఖాళీస్థలమునే వస్తువని చెప్పును. ఆగి యాగి కదలు వస్తువులకు సీడీనెట్‌లో ఒక తరగతియే కలదు గనుక ఈ చిక్కు పరిశోధకులకు తెలియనిది కాదు. ధర్మరాయస్వామి కరగ రాత్రియైనచో జనమే దృశ్యము. నేపథ్యము కంటబడనే పడదు. అట్టిచోట దారిప్రక్క దించిన మూటను యంత్రము అనుమానాస్పదమని చూపినచో, సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు హమాలీయే కదా.

2020లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బీఎస్‌యూవీనెట్‌ను ప్రకటించుచు, జాలము మునుపెన్నడును చూడని వీడియోలపైననే పరీక్ష జరిపిరి. ఆ కొలతబద్దతో చూడగా ఎఫ్‌జీసెగ్‌నెట్ రెండవ రూపము మిక్కిలి వెనుకబడెను. ఇది సరియైన పరీక్ష. ఈ శాస్త్రమునకు వారు చేసిన మేలు జాలముకంటె ఈ పరీక్షయే యని నా యభిప్రాయము. అయినను వారి జాలమునకు ఇటీవలి నేపథ్యముతోబాటు జనసంచారములేని ఖాళీ దృశ్యమొకటి కావలెను. నగర్తపేటలో అట్టిది అర్ధరాత్రి దాటినగాని దొరకదు. దొరికినను అది వీధిదీపపు వెలుగులోని దృశ్యము, పోల్చవలసినదో మిట్టమధ్యాహ్నపు సందు.