ప్యానెల్ బాండింగ్: డ్రాయింగులోని గీతపై ఒక విమర్శ

కంట్రోల్ ప్యానెల్ డ్రాయింగులో బాండింగ్‌ను ఎలా చూపుతారో గమనించండి. తలుపు నుంచి ఒక గీత, మౌంటింగ్ ప్లేటు నుంచి ఒక గీత. రెండూ ఎర్త్ బస్‌బార్‌కు చేరతాయి. ఆ గీతకు పొడవు లేదు, వెడల్పు లేదు. పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే బొమ్మ. ఇక్కడ మన విమర్శ ఆ గీత మీదే.

ఎలక్ట్రీషియన్ డ్రాయింగు ప్రకారం ఆకుపచ్చ-పసుపు తీగ బిగిస్తాడు. మల్టీమీటరు దాదాపు సున్నా ఓములు చూపుతుంది. ప్యానెల్ పాసైపోతుంది. ఐ.ఇ.సి. 60204-1 ప్రమాణం కూడా రక్షణ బాండింగ్ తెగిపోలేదని కరెంటు పంపి పరీక్షించమంటుంది. అందులో తప్పు లేదు. అది మనిషికి షాక్ తగలకుండా చూసే పరీక్ష. దాన్నే విద్యుదయస్కాంత వ్యతికరణానికీ హామీగా తీసుకోవడం తప్పు.

లెక్క వేసి చూడండి. ఒక మీటరు తిన్నని తీగ ప్రేరకత్వం సుమారు 1 మైక్రోహెన్రీ. 50 హెర్ట్‌జ్ వద్ద దాని ప్రేరక ప్రతిరోధం 0.3 మిల్లీఓములు మాత్రమే. 3 మెగాహెర్ట్‌జ్ వద్ద అదే తీగ దాదాపు 19 ఓములు. వి.ఎఫ్.డి.లోని ఐ.జి.బి.టి. 100 నానోసెకన్లలో స్విచ్ అయితే ఆ పౌనఃపున్యం వరకూ బలమైన రొద పుడుతుంది. డ్రైవ్ ఫిల్టర్‌ను పౌడర్ కోటింగ్ మీదే బిగించి, మీటరు తీగతో బస్‌బార్‌కు కలిపారనుకోండి. అర ఆంపియర్ రొద ప్రవహించినా తీగ రెండు కొనల మధ్య 9 వోల్టులకు పైగా ఏర్పడుతుంది. డబ్బు పెట్టి కొన్న ఫిల్టర్ పేరుకే ఉన్నట్లు. మీటరు మాత్రం సున్నాయే చూపుతుంది, ఎందుకంటే అది కొలిచేది డి.సి. నిరోధాన్ని.

ఎన్‌కోడర్ లెక్క తప్పగానే చాలాచోట్ల ఎర్త్ పిట్ మీద పడతారు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయిస్తారు. రొద భూమిలోకి ఇంకిపోతుందన్న నమ్మకం దీనికి మూలం. ఆ కరెంటు వెళ్లవలసింది భూమిలోకి కాదు, తాను పుట్టిన డ్రైవ్‌కు తిరిగి. పిట్ నిరోధం తగ్గినా ప్యానెల్‌లోని తీగ పొడవు తగ్గదు కదా! కొందరు ఇంకా ముందుకు వెళ్లి, ‘క్లీన్ ఎర్త్’ పేరుతో రక్షణ తీగనే విప్పి వేరే రాడ్‌కు కలుపుతారు. ఇది ప్రాణాపాయం, ఎవరు చెప్పినా చేయకండి.

చేయవలసిన పని చిన్నదే. పెయింట్ వేయని జింకు పూత ప్లేటు వాడాలి, లేదా ఫిల్టర్ అడుగు ఆనే మేర పెయింట్ గీకి, తుప్పు పట్టకుండా చూడాలి. తలుపుకు రక్షణ తీగ ఉంచుతూనే, వెడల్పైన పొట్టి అల్లిక పట్టీ కలపాలి. దాని పొడవు వెడల్పుకు ఐదు రెట్లు మించకూడదు. గ్రీజు పూసిన కీళ్లను నమ్మరాదు. కేబుల్ షీల్డును తోకలా మెలిపెట్టి టెర్మినల్‌కు చేర్చే అలవాటుకూ పై లెక్కే వర్తిస్తుంది. చుట్టూ పట్టే క్లాంపు వాడాలి.

ఈ యూనిట్ అసైన్‌మెంట్‌లో ప్యానెల్ డ్రాయింగు గీసేటప్పుడు ప్రతి బాండింగ్ గీత పక్కనా పొడవు, వెడల్పు, పెయింట్ తీయవలసిన చోటు రాయండి.