అడ్మిషన్ ఆఫీసులో తేలే ఆట

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నా చూపెప్పుడూ ప్రైవేటు యూనివర్సిటీల మీదే. ఇది మన కాలిబంతి కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని దూసుకుపోయే ఆట. ఒహాయో స్టేట్, మిషిగన్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీలకు లక్షమంది పట్టే స్టేడియాలున్నాయి, రాష్ట్రమంతా అభిమానులే. ప్రైవేటు వాటిలో చాలావాటికి విద్యార్థులే తక్కువ, పైగా సీటు దొరకడం కష్టం. అయినా కొన్ని గెలుస్తాయి.

డబ్బుంటే చాలంటారు. స్టాన్‌ఫర్డ్‌కి డబ్బుకేం కొదవ? 2006లో ఆడిన 12 మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది. ఆ సీజన్ తర్వాత జిమ్ హార్బా కోచ్‌గా వచ్చాడు. చదువూ ఆటా రెండూ వచ్చిన కుర్రాళ్లను ఏరి, ఏళ్ల తరబడి సానబెట్టాడు. 2010లో 12 గెలిచి ఒక్కటే ఓడారు.

2021లో రూల్స్ మారాయి. ఆటగాడు వేరే యూనివర్సిటీకి మారినా ఏడాదిపాటు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. తన పేరు మీద ప్రకటనల సొమ్మూ తీసుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్‌ నుంచి వెళ్లిపోవడం తేలికైంది. బయటినుంచి రావాలంటే మాత్రం అడ్మిషన్ గండం తప్పలేదు. ఆ ఏడాది మొదలు 2024 దాకా ఏటా అదే లెక్క: 3 గెలుపులు, 9 ఓటములు.

నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ కూడా చదువులో గట్టిదే. 2023లో రెండే గెలిచింది. కోచ్ క్లార్క్ లీ ఆ కొత్త రూల్స్‌నే ఆసరా చేసుకున్నాడు. న్యూ మెక్సికో స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) డియెగో పావియానీ, అతన్ని ఆడించిన కోచ్ టిమ్ బెక్‌నీ తెచ్చుకున్నాడు. 2024 అక్టోబరులో ర్యాంకుల్లో నంబర్ వన్ అయిన అలబామాను 40-35తో ఓడించారు. అభిమానులు గోల్‌పోస్టు పెకలించి మోసుకెళ్లి కంబర్‌లాండ్ నదిలో పడేశారు.

యూనివర్సిటీకి ఏం కావాలో కోచ్‌కీ, అడ్మిషన్ వాళ్లకీ ఒకేలా తెలియాలి. అసలు కిటుకు అదేనని నాకనిపిస్తుంది. ఓ పాత ఉదాహరణ: కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ 1935లో మొట్టమొదట దక్కింది షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బెర్వాంగర్‌కే. నాలుగేళ్లకే ఆ యూనివర్సిటీ ప్రెసిడెంట్ హచిన్స్ ఆ జట్టునే ఎత్తేశాడు. నచ్చినా నచ్చకపోయినా, అదీ ఒక స్పష్టతే. గెలుపు కావాలంటూనే అడ్మిషన్ పద్ధతి పాతదే ఉంచే యూనివర్సిటీలతోనే పేచీ. అక్కడ కోచ్‌లు మారతారు, ఫలితం మారదు.

2024 చివర్లో స్టాన్‌ఫర్డ్ తన పాత క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ను జనరల్ మేనేజర్‌గా పెట్టుకుంది. కోచ్ ఎవరైనా సరే, ముందు అతను అడ్మిషన్ వాళ్లతో ఒక ఒప్పందానికి రావాలి.