‘నాట్ గివెన్’ అనే నగిషీ

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసొచ్చినవాళ్లతో మాట్లాడితే రీడింగ్ దగ్గర సంభాషణ కాస్త వేడెక్కుతుంది. ముఖ్యంగా, ఇచ్చిన వాక్యం ప్యాసేజ్ ప్రకారం నిజమా, అబద్ధమా, అసలు అందులో ఆ సంగతే లేదా అని తేల్చే ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ప్రశ్నల దగ్గర. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లూ, ఇంట్లో కూర్చుని సొంతంగా చదివినవాళ్లూ ఇక్కడ ఒకేలా తిట్టుకుంటారు. నాకైతే ఆ ప్రశ్నలు తయారుచేసినవాళ్ల చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

అకడమిక్ రీడింగ్ అంటే మూడు ప్యాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. చదవాల్సింది రెండు వేల పైచిలుకు పదాలు. తప్పు రాస్తే మార్కులేమీ కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఇదంతా అందరికీ తెలిసిందే. పనితనం ఎక్కడుందో చూడాలంటే ఒక ప్రశ్నను విప్పి చూడాలి. మనకు తెలిసిన సంగతితోనే ఒక నమూనా అల్లుకుందాం.

ప్యాసేజ్‌లో ఇలా ఉందనుకోండి: ‘ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటిదాకా అక్కడక్కడా ఉన్న వరి సాగు ఆ తర్వాత గోదావరి డెల్టాలో బాగా విస్తరించింది.’

కింద మూడు వాక్యాలు. ఒకటి, ఆనకట్ట కట్టడానికి పదేళ్ల లోపే పట్టింది. రెండు, ఆనకట్ట వచ్చాకే డెల్టాలో తొలిసారి వరి వేశారు. మూడు, డెల్టా రైతులు కాటన్‌ను అభిమానించారు.

మొదటిది ట్రూ. కానీ ‘పదేళ్లు’ అన్న మాట పైన ఎక్కడా లేదు, రెండు సంవత్సరాల మధ్య తేడా మనమే లెక్క కట్టుకోవాలి. రెండోది ఫాల్స్. దాన్ని పడగొట్టింది ‘అప్పటిదాకా అక్కడక్కడా ఉన్న’ అనే చిన్న ముక్క. గబగబా చదివేవాడి కన్ను ‘ఆనకట్ట, వరి, విస్తరించింది’ అంటూ పెద్ద మాటల మీదుగా దూకేసి ట్రూ పెట్టేస్తుంది. ‘కొన్ని, అన్నీ, మొదట, మాత్రమే’ లాంటి చిన్న మాటల్లోనే ప్రశ్న ప్రాణం పెట్టుకుంటుంది. ప్రశ్న చదవగానే ముందు వాటికింద గీత గీయాలి.

అసలు నగిషీ మూడోదానిలో ఉంది. గోదావరి జిల్లాల కుర్రాడు దాన్ని చూడగానే ట్రూ అంటాడు. వాళ్ల ఊరి సెంటర్లో కాటన్ దొర విగ్రహం ఉంది మరి! అతనికి తెలిసింది తప్పు కాదు. కానీ ప్యాసేజ్ ఆ మాట అనలేదు, కాదనీ అనలేదు. ఇలాంటి వాక్యం రాయడం పైకి కనిపించేంత తేలిక కాదు. విషయానికి మరీ దూరమైతే ఎవరైనా పట్టేస్తారు. మరీ దగ్గరైతే ‘ఇది ఊహించుకోవచ్చు కదా’ అని వాదన లేస్తుంది. ఆ సన్నటి సందులో నిలబెట్టాలి. అందుకే ప్రశ్నలను అసలు పరీక్షలోకి తెచ్చే ముందు అభ్యర్థులకిచ్చి పరీక్షించుకుంటారు.

తయారీ తెలిస్తే విప్పడమూ తెలుస్తుంది. ఫాల్స్ అనాలంటే ‘ఈ వాక్యం దీన్ని కొట్టేస్తోంది’ అని ప్యాసేజ్‌లో వేలు పెట్టి చూపించగలగాలి. వేలు ఆనడానికి చోటు లేకపోతే నాట్ గివెన్. ఇంకో మేలు కూడా ఉంది: ఈ రకం ప్రశ్నలు ప్యాసేజ్ నడిచిన వరుసలోనే వస్తాయి. మూడో ప్రశ్న జవాబు రెండో పేరాలో, అయిదోది నాలుగో పేరాలో దొరికితే, నాలుగో ప్రశ్న కోసం ఆ రెంటి మధ్య వెతికితే చాలు. అక్కడ లేకపోతే ప్యాసేజ్ మొత్తం మళ్లీ తవ్వుతూ కూర్చోవద్దు.

పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నలో ఇదే చెయ్యి ఇంకో రకంగా ఆడుతుంది. కాటన్ కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలూ నడిపాయి. ఈ రెండూ చెప్పే పేరాలో ఒక కాలువ పొడవు కూడా ఉందనుకోండి. ‘కాలువల పొడవు’ అనే శీర్షిక పేరాలోని మాటలే వేసుకుని పిలుస్తుంది. సరైనదేమో ‘ఒకే తవ్వకం, రెండు లాభాలు’ అని, పేరాలోని ఒక్క మాటా ముట్టకుండా మూల కూర్చుంటుంది. ప్రశ్నలోని మాట ఎక్కడుందో వెతికి ఆ లైను దించేయడం బడిలో అలవాటైన మనకు ఇది గట్టి దెబ్బే. శీర్షికలు పేరాల కన్నా ఎక్కువ ఇస్తారు కాబట్టి, మిగిలింది పెట్టేద్దామన్న ఎత్తూ పారదు.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో పెద్ద కళేమీ లేదు. రెండు పదాలకు మించకూడదంటే మించకూడదు, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది, అంతే.

ఇంత మెచ్చుకున్నా ఒక పేచీ ఉంది. గంటలో 40 ప్రశ్నలంటే అర్థం చేసుకునే శక్తితో పాటు వేగాన్నీ కొలుస్తున్నట్టే. నెమ్మదిగా, లోతుగా చదివేవాడికి ఇది న్యాయం చేయదు.

సాధనకు కేంబ్రిడ్జ్ వాళ్ల పాత ప్రశ్నపత్రాల పుస్తకాలున్నాయి. వాటితో పాటు రోజూ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక సంపాదకీయం తీసుకుని మీరే మూడు వాక్యాలు రాయండి: ఒక ట్రూ, ఒక ఫాల్స్, ఒక నాట్ గివెన్. మొదటి రెండూ చకచకా వచ్చేస్తాయి. మూడోది కుదిరిందో లేదో తేలాలంటే తోటి విద్యార్థి చేతికివ్వాలి. ‘ఇది నిజమే కదా’ అని అతను వాదనకు దిగితే, ఏ లైనులో ఉందో చూపించమనండి.