ప్రమాదశబ్దము — మృతసంస్మరణరచనలు

ఒక్కపెట్టున ననేకులు మృతినొందినప్పుడు వారిని స్మరించుచు వెలువడు పద్యములును, వ్యాసములును, శిలాలేఖనములును సాహిత్యమున నొక శాఖగాఁ బరిగణింపఁదగినవి. వానియందలి శోకము నిష్కపటమే యైనను శబ్దప్రయోగమును గూర్చి కొంత విచారము కావలసియున్నది. అందు ముఖ్యమైనది ప్రమాదశబ్దము.

2018వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేది మంగళవారమునాఁడు కొడిమ్యాల మండలమునందలి శనివారంపేటనుండి జగిత్యాలకుఁ బోవుచున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాటుదారిలో లోయలోఁ బడెను. అఱువదిమందికిఁ బైగా మరణించిరి. వారిలో స్త్రీలు పెక్కండ్రు. ఆసనముల సంఖ్యను మిక్కిలి మించి, నూఱుమందికిఁ బైగా నందుండిరి. పలువు రొకరిపై నొకరు పడుటచే నూపిరాడక ప్రాణములు గోలుపోయిరి. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్ మొదలగు గ్రామములు శోకనిమగ్నము లయ్యెను. దీనిని లోకము 'బస్సు ప్రమాదము' అనుచున్నది. పద్యము చెప్పువారు దానికి 'విధి'ని జోడించుచుందురు. ఈ రెండు పదము లొక్కచోట నిముడునవి కావు.

ప్రోపసర్గపూర్వకమగు మదధాతువునుండి రెండు రూపములు గలుగుచున్నవి. హర్షార్థమున 'ప్రమదము', ఆ యర్థమునకే పాణిని తన తృతీయాధ్యాయమున నా రూపమును నియమించెను. అన్యార్థమున ఘఞ్ప్రత్యయము వచ్చి, ఉపధావృద్ధి కలిగి, 'ప్రమాద' మగును. అమరసింహుఁడు దీనికి అనవధానత యని యర్థము చెప్పెను, తెనుఁగున నేమఱుపాటు. ఏమఱినవాఁడు లేక యేమఱుపాటు లేదు. తెనుఁగువాడుకలోఁ గారణవాచకము కార్యమునం దుపచరింపఁబడి, 'ప్రమాదము జరిగెను' అనినంతనే కర్త మఱుఁగుపడుచున్నాఁడు. విధి యనినచో నా మఱుఁగున నున్నవాఁడును లేకపోవును.

యోగమునకంటె రూఢి బలవత్తరము గదా, యీ విచార మేల యని యొకరు శంకింపవచ్చును. వ్యవహారమున రూఢిని మానుమని నే ననను. కాని స్మృతిరచన చేయువాఁడు పదమును ఎఱిఁగి ప్రయోగింపవలయును. ఒక్క పదముమీఁదనే మృతుల గౌరవ మాధారపడు సందర్భములు గలవు.

1989వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదిని ఇంగ్లండున షెఫీల్డు నగరమందలి హిల్స్‌బరో ఫుట్‌బాల్ క్రీడాస్థలమున జనసమ్మర్దమున నలిగి లివర్‌పూల్ జట్టు నభిమానించువా రనేకులు మృతినొందిరి. 2021లోఁ గడపటివాఁడు మరణించుటతో నా సంఖ్య 97 అయ్యెను. 1991లో మరణవిచారణ జరిపినవారు దానిని యాదృచ్ఛికమరణ మనిరి. బంధువు లా పదమున కొడఁబడరైరి. 2012లో నా నిర్ణయము కొట్టివేయఁబడెను. 2016లో నూతనవిచారణ మది చట్టవిరుద్ధముగాఁ బ్రాణములు తీయుటయే యనియు, ప్రేక్షకుల తప్పు లేదనియుఁ దేల్చెను. ఒక పదమును మార్చుటకు వారికి నిరువదియైదేండ్లు పట్టెను. లివర్‌పూలునందలి స్మారకశిలపై మృతులందఱి పేళ్లును జెక్కఁబడియున్నవి.

మన కావ్యములందు శోకమునకు రెండు మార్గములు గలవు. రఘువంశాష్టమసర్గమున నారదుని వీణనుండి జాఱిన పూలదండ తగిలి ఇందుమతి మరణించును. అందు నేమఱినవాఁ డెవ్వఁడును లేఁడు. కావున నజుఁడు విధిని నిందించుట యుచితమే. భారతమున స్త్రీపర్వము మార్గము వేఱు. గాంధారి దివ్యదృష్టితో రణభూమిని జూచి, పడినవారి నొక్కొక్కరినిఁ బేరుపేరునఁ జూపి, వారిపైఁ బడి యేడ్చు స్త్రీలనుం జూపి, పిదప, ఆపఁగలిగియు నుపేక్షించితి వని శ్రీకృష్ణునే నిలువరించి యడుగును. తిక్కన సోమయాజి దీనిని తెనుఁగువారికిఁ బ్రసాదించెను. ఆ ప్రశ్నచేఁ గరుణరసమునకు హాని గలుగలేదు సరికదా, పరిపూర్తియే కలిగినది. కొండగట్టు మృతులను గూర్చి వ్రాయువారు అజవిలాపము ననుకరించుట యనుచితము; వారికి మార్గదర్శిని గాంధారియే.

అంతదూర మేల? ఈ సీమయందలి పల్లెస్త్రీలు శవముకడ నేడ్చునపుడు 'అవ్వా', 'బిడ్డా', 'కొడుకా' యని వరుసపెట్టి పిలుచుచు, పోయినవారు చేసిన పనులను, తిన్న తిండిని, చెప్పిన మాటలను దలఁచుకొందురు. వారి యేడుపున సంఖ్య యుండదు, మనిషి యుండును. పండితపద్యములం దనేకములకు లేని గుణ మిదియే. 'అఱువదిమంది' యను మాట లెక్కయే కాని స్మృతి కాదు.

కావున నిట్టి రచనకు మూఁ డంగము లావశ్యకములని నా యభిప్రాయము: మృతుల పేళ్లును ఊళ్లును, మరణము కలిగిన తీరు, అనఁగా నెక్కించుకొన్న జనమెంత, దిగవలసిన దారి యెట్టిది యను వివరము, చేయఁదగియుఁ జేయక విడిచిన దేమి యను ప్రశ్న. ఎవరి దోష మెంతయో నిర్ణయించుట న్యాయస్థానముల పని. ఆ ప్రశ్నను విధిశబ్దముచేఁ గప్పిపుచ్చకుండుట మాత్రము రచయితల ధర్మము. ప్రమాదమనియే వ్రాయుదుము గాక. కాని యేమఱుపాటను మూలార్థమును మఱవక వ్రాయుదము. విజ్ఞులు విచారింతురు గాక.