ఏకపక్ష విరహం

ప్రణయ వైఫల్యాన్ని పాడే గీతాలను వ్యక్తివాదమని ఒక్కమాటలో తోసివేయడం మనకు అలవాటయింది. ‘సూపర్‌చంక్’ అనే అమెరికన్ రాక్ బృందం 1994లో వెలువరించిన ‘ఫూలిష్’ ఆల్బమ్‌కు ఆ తీర్పు చాలదు. గాయకుడు మాక్ మెక్‌కాన్, బాస్ గిటార్ వాయించే లారా బాలెన్స్ 1989లో నార్త్ కరోలినాలో ‘మెర్జ్’ అనే రికార్డు సంస్థను స్థాపించారు. బృందం మొదటి మూడు ఆల్బములను వేరొక సంస్థ వేసింది. దీనిని తామే వేసుకున్నారు. ఈలోగా ఆ ఇద్దరూ ప్రేమికులుగా విడిపోయారు, సహకార్మికులుగా విడిపోలేదు. మునుపటి వేగాన్ని వదలి మెల్లగా నడిచే మొదటి పాటలోనే ఆ బరువు తెలుస్తుంది.

మన భావకవుల ప్రేయసి ఊహాలోకవాసిని. కవి ఎంత విలపించినా ఆమెకు వినబడదు. ఇక్కడ ఆమె పక్కనే నిలబడి, తనను గురించినవేనని శ్రోతలు అనుకొనే పాటలకు తానే బాస్ వాయించవలసివచ్చింది, ఊరూరా. దుఃఖం కూడా ఉమ్మడి శ్రమ అయింది.

అయితే మాటలు మాత్రం అతనివి. నిందించేదీ అతడే, నొచ్చుకొనేదీ అతడే. ఉత్పత్తి సాధనాలలో ఇద్దరికీ వాటా ఉన్నా, పలుకులో ఆమెకు వాటా దక్కలేదు. ఆమె పక్షమేమిటో అట్టమీది బొమ్మలో వెదుక్కోవాలి. అది ఆమె చిత్రించినదే: ఒక స్త్రీ, ఆమె వెనుక వ్రేలాడగట్టిన కుందేలు. ఈ ఆల్బమ్‌లోని కొన్ని పాటలకంటె ఆ కుందేలే నాకు ఎక్కువ చెప్పింది.