తీగ వదులు, పాట బరువు

రాక్ బృందం బ్లాక్ సబ్బాత్ పాటల బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు దాని గిటారిస్టు టోనీ అయోమి కుడిచేతిని చూడాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, పదిహేడేళ్ల వయసులో, యంత్రంలో పడి ఆ చేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే గిటారు తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అతికించాడు. బిగువైన తీగ నొక్కితే నొప్పి కనుక సన్న తీగలకు మారాడు.

1970 ఫిబ్రవరిలో వచ్చిన తొలి ఆల్బమ్‌ని దాదాపు ఒక్కరోజులో రికార్డు చేశారు. బృందం పేరే పెట్టుకున్న మొదటి పాటలో గిటారు వరస మూడే స్వరాలు: ఒకటి, దాని పైస్థాయి, ఆ తర్వాత మన లెక్కలో ప్రతిమధ్యమం. కల్యాణిలో ఎంతో హాయిగా ఉండే స్వరమే! పక్కనుండే స్వరాలన్నీ తీసేసి, తాపీగా, ఒంటరిగా వదిలేసరికి వెన్నులో చలి పుడుతుంది. భయపెట్టేది స్వరమొక్కటే కాదు, తర్వాతి స్వరం కోసం మనల్ని నిలబెట్టే ఆ ఎడం కూడా. అదే ఏడాది వచ్చిన ‘పారనాయిడ్’ ఆల్బమ్‌లో పాటలు బిగిశాయి. ‘ఐరన్ మ్యాన్’లో గాయకుడు ఆజీ ఆస్బోర్న్ గొంతు గిటారు వరస వెంటే అడుగులో అడుగు వేస్తుంది.

నా దృష్టిలో అసలు పనితనం 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ది. కొన్ని పాటలకు అయోమి గిటారు శ్రుతిని మూడు సెమీటోన్లు దించేశాడు. గీజర్ బట్లర్ బాస్ గిటారునూ దానికి తగ్గట్టే దించాడు. తీగ వదులైంది, వేళ్లకు శ్రమ తగ్గింది. అయితే వదులు తీగ మీటగానే ఖంగుమనదు. కాస్త ఊగి, బొంగురుపోయి, అప్పుడు నిలబడుతుంది. ‘ఇంటు ద వాయిడ్’ వినండి. గిటారు, బాస్ కలిసి ఒకే లావుపాటి నాదంగా కదులుతాయి, ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. ఇంత లావును బిల్ వార్డ్ డ్రమ్స్ మోస్తాయి. అతను జాజ్ విని పెరిగినవాడు. దెబ్బను ఊపుతో వేస్తాడు తప్ప మేకులా దిగ్గొట్టడు. ఈ పాటల నడుమే ‘ఆర్కిడ్’ లాంటి చిన్న అకూస్టిక్ ముక్కలు పెట్టారు. కొందరు వాటిని దాటేసి వింటారు, పొరపాటు! ఆ పల్చదనం చెవిలో ఉన్నందువల్లే తర్వాతి పాట అంత లావుగా తగులుతుంది.

1972లో పియానోతో ‘ఛేంజెస్’ చేశారు. పాట బాగుంటుంది కానీ ఆ పనికి వీళ్లే అక్కర్లేదు. 1975 నాటి ‘సింప్టమ్ ఆఫ్ ద యూనివర్స్’ గిటారు కోతలో రాబోయే థ్రాష్ మెటల్ ముందే వినిపిస్తుంది. ఆ తర్వాతి రెండు ఆల్బమ్‌ల కోసం నేను వాదించను.

1980లో ‘హెవెన్ అండ్ హెల్’కి గాయకుడు మారాడు. రానీ జేమ్స్ డియో గిటారు వెంట నడిచే రకం కాదు, దానికి అడ్డంగా తన వరస తాను పాడతాడు. ఇక గొంతు, గిటారు రెండూ ఒకే దారిలో బరువు మోయలేవు. ఆల్బమ్ పేరున్న పాటలోనే చూడండి: డియో చరణం ఎత్తుకోగానే అయోమి చాలావరకు తప్పుకుంటాడు, బట్లర్ బాస్ ఒక్కటే కింద గునగున నడుస్తూ పాటను మోస్తుంది. పదేళ్లు గిటారు చేసిన పనిని బాస్‌కి అప్పగించడం అయోమికే చెల్లింది.