మిడి మీట: చేతికి అందునది, అందనిది

చిత్తూరు జిల్లాలోని నగరి పరిసరములందు ధర్మరాజుల గుళ్ల వద్ద భారత ఉత్సవములు జరుగునపుడు పగలు హరికథ, రాత్రి వీథినాటకము ఆనవాయితీ. బ్రతుకుతెరువుకై చెన్నైకో, బెంగుళూరుకో వెళ్లినవారు ఇట్టి ప్రదర్శనలను ఇప్పుడు ఫోనులో ప్రత్యక్ష ప్రసారముగా చూడగలుగుచున్నారు. కాని బొమ్మ స్పష్టముగా నుండియు పద్యము అర్థము కాని ప్రసారములు తక్కువ కావు. కొన్నిట మృదంగము గొంతును ముంచివేయును. కొన్నిట గొంతు తప్ప వాద్యమే వినబడదు. ఈ చిక్కునకు పరిష్కారముగా మిడి కంట్రోలరు అను చిన్న పరికరము వాడుకలోనికి వచ్చినది. అది ఎంతవరకు పనికివచ్చును, ఎచట పనికిరాదు అను సంగతి విచారింపదగినది.

మొదట చిక్కు ఎక్కడ పుట్టుచున్నదో చూడవలెను. పందిరిలో కూర్చున్నవారికి మృదంగము, తాళములు నేరుగానే వినబడును. కనుక లౌడ్‌స్పీకరు నడుపువాడు గొంతు మైకును పెంచి, వాద్యముల మైకులను తగ్గించి ఉంచును. అక్కడికి అది సరియైన పనియే. అదే మిశ్రమమును ప్రసారమునకు పంపినచో, దూరమున వినువానికి గొంతు మిక్కుటముగాను, వాద్యములు పీలగాను ఉండును. అట్లుగాక కెమెరాకున్న మైకునే నమ్ముకొన్నచో, దగ్గరనున్న జనుల మాటలు, జనరేటరు రొద అన్నిటికంటె ముందు వినబడును. కావున ప్రసారమునకు వేరొక మిశ్రమము కావలెను. అందుకై ప్రతి మైకును ఆడియో ఇంటర్‌ఫేసు ద్వారా విడివిడిగా కంప్యూటరులోనికి తీసికొని, అక్కడ పాళ్లు కుదుర్చవలెను.

తెర మీది మీటలను మౌసుతో జరుపుట సాధ్యమే. కాని మౌసు ఒకసారికి ఒక మీటనే పట్టును. కంటిని తెర నుండి కదలనీయదు. నాటకములో పద్యము ముగిసి దరువు ఎత్తుకొనుటకు రెప్పపాటు చాలును. ఆ క్షణమున గొంతును కొంత దించి మృదంగమును కొంత ఎత్తవలెను. జారుడు మీటలు, అనగా ఫేడర్లు, వ్రేళ్ల క్రింద ఉన్నచో రెండు పనులు ఒక్కసారిగా జరుగును. కన్ను రంగస్థలము మీదనే ఉండును. కోర్గ్ వారి నానోకంట్రోల్ 2 వంటి చిన్న పరికరములో ఇట్టి ఫేడర్లు 8 కలవు. ప్రసారమునకు విరివిగా వాడు ఓబీఎస్ ప్రోగ్రాము మిడిని స్వయముగా గ్రహింపదు గాని, అనుబంధ ప్రోగ్రాము చేర్చి ఆ పని చేయించవచ్చును. చేతికి స్వాతంత్ర్యము కలిగించుటయే ఈ పరికరము చేయు నిజమైన మేలు.

అయితే మిక్సరువలె కనబడుటచేత దీనిలోనుండి శబ్దము ప్రవహించునని పొరబడుట కలదు. మిడి 1983లో సంగీత వాద్యములను ఒకదానితో నొకటి కలిపి నడుపుటకై వెలసిన సంకేత పద్ధతి. దానిలో పోవునవి అంకెలు మాత్రమే. మరమగ్గముల ఊరైన నగరిలో ఈ మాట తేలికగా బోధపడును: జకార్డు మగ్గము మీది అట్టల రంధ్రములు ఏ పోగు లేవవలెనో చెప్పును గాని, అట్టలో నూలుండదు. అట్లే ఫేడరును జరిపినపుడు ‘ఫలానా మీట, ఫలానా అంకె’ అను ఆజ్ఞ మాత్రమే పోవును. శబ్దమును హెచ్చించుట, తగ్గించుట కంప్యూటరు పని. తొలినాటి మిడి తీగ సెకనుకు 31,250 బిట్లను మోయును. ఒక ఆజ్ఞకు 30 బిట్లు. అనగా సెకనులో వేయవ వంతు కన్న తక్కువ కాలమే పట్టును. శబ్దము ఆలస్యమైనచో తప్పు ఈ ఆజ్ఞది కాదు.

ఇక లోపములు. సాధారణముగా ఆ అంకె 0 నుండి 127 వరకే. ఈ మెట్లను 60 డెసిబెళ్లకు సమముగా పంచినచో మెట్టుకు సుమారు అర డెసిబెలు వచ్చును. అంత చిన్న మార్పును చెవి గుర్తించుట కష్టము. అట్లుగాక ఆ అంకెతోనే తరంగ పరిమాణమును నేరుగా గుణించు ప్రోగ్రామైనచో, 1 నుండి 2కు జరుగగానే 6 డెసిబెళ్లు ఎగురును. 126 నుండి 127కు జరిగినచో పెరుగునది 0.07 డెసిబెలు మాత్రమే. మీట అడుగున ఉన్నపుడు గొంతు గంతులు వేయుటకు ఇది ఒక కారణము. 2020లో వెలువడిన మిడి 2.0 ప్రమాణము 32 బిట్ల అంకెలకు వీలు కల్పించినది గాని, పాత మెట్లతో నడచు పరికరములు ఇంకను వాడుకలో కలవు.

రెండవది, మోటారు లేని ఫేడరు చూపు స్థానమును నమ్మరాదు. తెర మీద మౌసుతో స్థాయిని మార్చినను ఫేడరు కదలదు. తరువాత దానిని ముట్టగానే శబ్దము దాని స్థానమునకు దూకును. ఫేడరు తెర మీది స్థానమును దాటిన పిదపనే పనిచేయునట్లు ప్రోగ్రాములో అమర్చుకొనుట దీనికి విరుగుడు.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. దుర్యోధన పాత్రధారి గొంతెత్తి అరచినపుడు ఇంటర్‌ఫేసులో గెయిన్ అధికముగా నున్నచో, తరంగ శిఖరములు అంకెలుగా మారుచోటనే తెగిపోవును. మిడి మీట పనిచేయునది ఆ తరువాతనే. అప్పుడు ఫేడరును దించినను, చెడిన గొంతు చిన్నదగును గాని బాగుపడదు.

కావున ఈ పరికరమును మెచ్చవలసినదే గాని, క్రమము తప్పి కాదు. మొదట మైకు నోటికి దగ్గరగా ఉండవలెను. నాటకమునకు ముందే పాత్రధారిచే పూర్తి గొంతుతో పాడించి, శిఖరము గరిష్ఠ స్థాయికి 10 డెసిబెళ్లైనను దిగువన ఉండునట్లు గెయిన్ దిద్దుకొనవలెను. చెవులను మూయు హెడ్‌ఫోనుతో ప్రసారమునే వినవలెను; పందిరి శబ్దమును బట్టి మీట జరుపరాదు. కంప్యూటరు ఆగినచో కంట్రోలరు ఉత్త పెట్టెయగును గనుక, పందిరిలోని లౌడ్‌స్పీకర్లను దానిపై ఆధారపడనీయరాదు. ఈ నాలుగు పనులు జరిగిన చోట ఎనిమిది మీటలు దూరపు శ్రోతకు పద్యమును, దరువును రెంటిని అందించును. జరుగని చోట అవి చెడిన శబ్దమును చక్కగా ఎక్కించి దించుటకు మాత్రమే ఉపకరించును.